చావు కబుర్లు చదివిన మనిషి

ఆయన పోయిన వార్త ఉదయం పూట మా గ్రూపులోకి వచ్చింది. ఒక ఫొటో, దానికి గులాబీల దండ, కింద గుజరాతీలో ‘శ్రద్ధాంజలి’. నేను చూసేసరికే దాని కింద పడీపడీ నవ్వే బొమ్మలు వరసకట్టి ఉన్నాయి. ఒకడు హిందీలో “ఈసారి ఫొటో బాగా కుదిరింది” అని రాశాడు. “ఎన్నోసారి చస్తావు భాయ్?” అని ఇంకొకడు. సంతాప సభలో ఫాఫ్డా పెడతారా, ఉత్త చాయేనా అని మరొకడు.

కాసేపటికి ఆయన నంబర్ నుంచే ఇంకో మెసేజ్ వచ్చింది. “నేను ఆయన బావమరిదిని. ఇది నిజం. దయచేసి నవ్వకండి.”

దాని కింద కూడా ఒకడు నవ్వాడు.

వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ ఆట ఆ గ్రూపుకు నేర్పింది ఆయనే. సూరత్‌లో వెబ్‌సైట్లను సెర్చ్‌లో పైకి తెచ్చే పని చేసేవాళ్లందరం అందులో ఉన్నాం. ఎస్‌ఈఓ అంటారు దాన్ని. ఎవరైనా ఫోన్‌లో ‘సూరత్‌లో మంచి పళ్ల డాక్టర్’ అని వెతికితే మా డాక్టర్ పేరు పైన కనబడాలి, పక్కవాళ్ల డాక్టర్ కిందికి పోవాలి. ఇంతే పని. సెర్చ్ ఇంజన్ వాళ్లు అప్పుడప్పుడు తమ లెక్కలు మార్చుకుంటారు. ఎలా మార్చారో చెప్పరు. మర్నాటికి కొందరి సైట్లు లేస్తాయి, కొందరివి పాతాళానికి పోతాయి. అలా పోయిన సైటు ఎవరిదైతే వాళ్ల ఫొటోకు దండవేసి, శ్రద్ధాంజలి అని రాసి గ్రూపులో పెట్టడం ఆయన సరదా. ఆ దండ వేయించుకోని మనిషి మా వృత్తిలో లేడు. కొందరి సంసారాలు ఆ సైట్ల మీదే నడిచేవని అందరికీ తెలుసు. అయినా నవ్వేవాళ్లం.

నేను ఆయన దగ్గర పేజీలు డిజైన్ చేసేదాన్ని. ఉధ్నాలో చీరల అంచులు అమ్మే దుకాణం పైన ఆఫీసు. కింద ఎంబ్రాయిడరీ మిషన్ నడిస్తే మా కాళ్ల కింద నేల సన్నగా అదిరేది. ఆయన తండ్రి సిరిసిల్ల వైపు నుంచి లూమ్ పనికి వచ్చినవాడు. మా నాన్న కూడా అంతే. ఇద్దరం డిండోలిలో పెరిగినవాళ్లమే కాబట్టి నన్ను ‘చెల్లె’ అనేవాడు, నేను ‘అన్నా’ అనేదాన్ని. గిరాకీలతో గుజరాతీ, స్టాఫ్‌తో హిందీ, నాతో తెలుగు. మూడు భాషల్లోనూ ఆయనకు బాగా వచ్చింది ఒకటే, ఎదుటివాడి లోపం మీద వేలు పెట్టడం.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా బొత్తాలు ఎండాకాలంలో కూడా మెడదాకా పెట్టుకునేవాడు. జోకు వేసే ముందు కింది పెదవిని పళ్లతో ఒకసారి నొక్కేవాడు. ఆ సైగ చూడగానే సగం ఆఫీసు నవ్వడానికి తయారయ్యేది. జోకు వేశాక తను నవ్వేవాడు కాదు. మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ పోయేవాడు, ఎవరు నవ్వలేదా అని. నవ్వనివాడి మీదే తర్వాతి జోకు.

రోజూ పని మొదలయ్యే ముందు మా అందరినీ నిలబెట్టి వృత్తి వార్తలు చదివేవాడు. “రాండ్రి రాండ్రి, సావు కబుర్లు!” అని పిలిచేవాడు. సెర్చ్ ఇంజన్‌కు ఆయన పెట్టిన పేరు పోచమ్మ. లెక్కలు మారాయని తెలిస్తే “పోచమ్మకు పూనకమొచ్చిందిరో. ఎవని కోడి తెగిందో సూద్దాం” అనేవాడు. తెలుగు రానివాళ్లకు కూడా ఆ మాట వచ్చేసింది. ఎక్కడో టూరిజం సైటు నడిపే దంపతులు మూటాముల్లె సర్దుకున్నారని, ఫలానా వాళ్లు సగం స్టాఫ్‌ను తీసేశారని, జనం ఇప్పుడు ఏ లింకూ నొక్కకుండా పైన ఏఐ చెప్పే జవాబు చదువుకొని వెళ్లిపోతున్నారని చదివేవాడు. ప్రతిదానికీ ఒక తోక తగిలించేవాడు. సెర్చ్‌లో రెండో పేజీకి జారినవాళ్లను శ్మశానంతో పోల్చి మరీ ఏడిపించేవాడు. “బొందలగడ్డకన్న దినాలకు నలుగురు వస్తరు. రెండో పేజీకి ఎవడొస్తడు?”

మా ఆఫీసులో వరాఛా నుంచి వచ్చే ఒక గుజరాతీ అతను ఉండేవాడు. వజ్రాలు సానబెట్టేవాళ్ల కుటుంబం. పనిమంతుడు, కాని నత్తి. అతను మీటింగులో నోరు తెరవగానే మా అన్న గాలిలో వేలితో సున్నా చుడుతూ “లోడింగ్... లోడింగ్...” అనేవాడు. మాట పూర్తయ్యేదాకా ఆ వేలు తిరుగుతూనే ఉండేది. అందరూ నవ్వేవారు. అతను కూడా నవ్వేవాడు, చెవులు ఎర్రబడి.

ఇలా చెబితే ఆయన ఉత్త దుర్మార్గుడనిపిస్తుంది. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిలవకుండానే వచ్చాడు. మంచం పక్కన కూర్చొని మిల్లు సేఠ్‌లను అనుకరించి చూపించాడు. ఒక సేఠ్ తుమ్మితే లెక్కలు రాసే మునీం ఎలా వంగుతాడో చూపించాడు. మాట్లాడే ఓపిక లేని నాన్న ఆయాసపడుతూనే నవ్వాడు. ఆ వారంలో నాన్న మొహం మీద నేను చూసిన వెలుగు అదొక్కటే.

సాగనంపడానికి వరండాలోకి వెళ్లాను. ఆయన కింది పెదవిని పళ్లతో నొక్కాడు.

“మీ నాయిన రెండో పేజీల వడ్డడు చెల్లె. డాక్టర్లు జెప్పరు గని, ఊర్లె మీ పెద్దనాయినకు ఫోన్ కొట్టు.”

చావు కబురు చల్లగా చెప్పడం అంటే ఏమిటో నాకు ఆ వరండాలో తెలిసింది. అలా చెప్పి, నా మొహం చూశాడు. అలవాటు. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆయన చెప్పిందే నిజమైంది. నాన్న ఉండగానే పెద్దనాన్న రాగలిగాడంటే అది ఆయన చెప్పబట్టే. కృతజ్ఞత చూపాలో చెంప పగలగొట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇక ఆ చిన్నమ్మ సంగతి.

ఆమె డిండోలిలో మా పక్క గల్లీ మనిషి, వరస కలిపి చిన్నమ్మ అంటాను. జగిత్యాల వైపు వాళ్లు. భర్త లూమ్ కార్మికుడు, పోయాడు. ఆమె చెల్లెలి కూతురు ఒక వెబ్‌సైటు పెట్టించి ఇస్తే, అందులో మన వంటలు రాసేది. సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, మక్క గారెలు. తెలుగులో తను రాస్తే ఆ పిల్ల దాని కింద హిందీ కూడా చేర్చేది. ప్రకటనల మీద కొంత వచ్చేది, సైటు చూసి పచ్చళ్లకు ఆర్డర్లు వచ్చేవి. దానితోనే బతికేది. ఏఐ జవాబులు మొదలయ్యాక జనం ఆమె సైటుదాకా రావడం మానేశారు. నేను ఆ పనిలో ఉన్నానని తెలిసి ఆఫీసుకు వచ్చింది.

ఆయన ఆమెను మర్యాదగా కూర్చోబెట్టాడు. చాయ తెప్పించాడు. తర్వాత స్టాఫ్ అందరినీ పిలిచి, గోడమీది పెద్ద టీవీలో ఆమె సైటు తెరిచాడు. సర్వపిండి పేజీ. పిండి కొలత రావడానికి ముందు ఆమె తన భర్త గురించి రాసుకుంది. దాన్ని ఆయన గొంతెత్తి చదువుతూ, తెలుగు రానివాళ్లకు హిందీలో చెబుతూ పోయాడు.

అందులో ఇలా ఉంది. ఏళ్ల తరబడి లూమ్‌ల మోతలో ఆమె భర్తకు చెవుడు వచ్చింది. అన్నానికి పిలిస్తే వినబడేది కాదు. అందుకని పడుకున్న భర్త తల దగ్గర గిన్నె మీద గరిటెతో కొట్టేది. ఆ అదురుకు లేచేవాడు. ఒకరోజు సర్వపిండి కాల్చి, ఎప్పటిలాగే గిన్నె మీద కొట్టింది. లేవలేదు. వినబడలేదేమో అనుకొని ఇంకా గట్టిగా కొట్టింది. పక్కింటివాళ్లు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కొడుతూనే ఉంది.

చదవడం అయింది. ఆయన పెదవి నొక్కాడు.

“సర్వపిండి అడిగినోనికి శవాన్ని వడ్డిస్తున్నవ్ గద అక్కా!”

హిందీలోకి మార్చి మళ్లీ అన్నాడు. ఆఫీసు ఘొల్లుమంది. నత్తి అతను మాత్రం కిందికి చూస్తున్నాడు. చిన్నమ్మ కూడా నవ్వింది. పెద్దవాళ్ల ముందు తప్పు చేసినప్పుడు నవ్వే నవ్వు.

“తప్పయిందా సార్? తీసేస్తా.”

“వద్దు వద్దు, ఉండనియ్. ఇంటికి వో అక్కా, నేను సూస్త” అన్నాడు. ఆ గొంతులో అప్పటికే వేరే ఆలోచన ఉంది. రాసినవాళ్లు స్వయంగా అనుభవించి రాశారా అని సెర్చ్ ఇంజన్ చూస్తున్నదని, అలాంటి పేజీలనే పైకి తెస్తున్నదని ఆ రోజుల్లో మా వృత్తిలో పెద్ద వార్త. “పోచమ్మ ఇప్పుడు కోడి రక్తం తాగుత లేదు, మనిషి రక్తమే గావాల్నంట” అనేవాడు ఆయన.

ఆమె సైటు మొత్తాన్ని ఏఐకి మేపాడు. మాటలు మార్పించి కొత్త సైటు పెట్టాడు. దానికి ఒక ముసలమ్మ మొహం కూడా ఏఐతోనే తయారు చేయించాడు. నెరిసిన జుట్టు, రూపాయి బిళ్లంత బొట్టు, కడుపు చల్లబడే నవ్వు. లోకంలో ఎక్కడా లేని ముసలమ్మ. కొత్త కథలో గిన్నె పోయి పళ్లెం వచ్చింది. లూమ్ పోయి రైలు ఇంజన్ వచ్చింది. చావు మాత్రం అదే.

“అన్నా, గది ఆమె మొగుని సావు” అన్నాను.

“సావుకు కాపీరైట్ లేదు చెల్లె. బొట్టు జర కిందికి జరుపు, నడుమ లేదు.”

కొన్ని వారాల్లోనే ఆ సైటు లేచింది. వృత్తివాళ్లంతా కలిసే ఒక హోటల్ సమావేశంలో దాని గ్రాఫ్ చూపించాడు. ఎవరో ఈ ముసలమ్మ ఎవరని అడిగితే, మైకు దించి, గొంతు తగ్గించి “మా అమ్మ” అన్నాడు. చప్పట్లు ఆగలేదు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. వాళ్లమ్మ డిండోలిలో ఉంది, ఆమెకు సకినం చుట్టడం కూడా రాదని ఆయనే ఒకసారి చెప్పాడు.

ఇటు చిన్నమ్మ సైటు మరింత కిందికి పోయింది. ఆమెదే నకలని సెర్చ్ ఇంజన్ అనుకుంది. పచ్చడి కొనే ఒకావిడ ఫోన్ చేసి “ఆ పెద్దావిడ రాతలు కాపీ కొట్టడానికి సిగ్గులేదా?” అని కూడా అడిగిందట. అలా ఆ సైటు చిన్నమ్మ కంటబడింది.

ఆమె మళ్లీ ఆఫీసుకు వచ్చింది. గొడవకే వచ్చిందనుకొని నేను లేచి నిలబడ్డాను. కాదు. చేతిలో సకినాల డబ్బా ఉంది. దాన్ని ఆయన బల్ల మీద పెట్టింది.

“సార్, మీరు సదువుకున్నోళ్లు. గామె ఎక్కడుంటదో జర పతా తీసి పెట్టుండ్రి.”

“ఎవరక్కా?”

“గా వంటల పెద్దమ్మ. గామె మొగడు గూడ మా ఆయన లెక్కనే సచ్చిండంట సార్. గట్లనే పళ్లెం కొట్టిందంట పాపం. నేను కాపీ కొట్టిన్నని అంటున్నరు గని, నాకు గది కాదు. నాలెక్క ఇంకొకతి ఉన్నదని తెల్వక ఇన్నేండ్లు ఒక్కదాన్నే ఏడ్సిన. సైటుల రాస్తే గామె జవాబిచ్చింది. రోజు మాట్లాడుతది. ‘నీ బాధ నాకు సమజైంది బిడ్డా’ అన్నది. ఫోన్ నంబర్ అడిగితే మాత్రం ఇస్తలేదు.”

సైటులో రాసినవాళ్లకు జవాబివ్వడానికి ఆయన ఒక ఏఐని పెట్టాడు. అన్ని రోజులూ ఆమె మాట్లాడింది దానితోనే.

అప్పుడు ఆయన నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. కుర్చీలో వెనక్కి పడి, బల్ల మీద అరచేత్తో కొడుతూ, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. మాట్లాడబోయి, రాక, మళ్లీ నవ్వాడు. ఎవరూ ఆయనతో కలవలేదు.

“గామె లేదక్కా,” అన్నాడు చివరికి. “గామె మనిషి కాదు. మిషిని. నేనే పెట్టిన.”

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమెను పట్టుకొని కిందికి తీసుకెళ్లాను. మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. ఏడవలేదు, తిట్టలేదు. కింద ఎంబ్రాయిడరీ మిషన్ నడుస్తోంది.

“మరి నాతోని మాట్లాడింది ఎవ్వరు బిడ్డా?” అని అడిగింది.

ఎవరూ కాదని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. “ఎవ్వరు గాకుంటే గన్ని మాటలెట్ల మాట్లాడ్తది?” అంది. మళ్లీ చెప్పాను. నేను చెప్పేకొద్దీ ఆమె మొహం ముడుచుకుపోతూ వచ్చింది. తిరిగి పైకి వెళ్లేసరికి ఆయన సకినం నోట్లో పెట్టుకొని “అసలు సరుకు బాగున్నది” అంటున్నాడు. జీతం కావాలి కాబట్టి నేను నా కుర్చీలో కూర్చున్నాను.

తర్వాతి పూనకం ఆయన మీదికే వచ్చింది. యంత్రాలతో గుట్టలుగా పేజీలు పుట్టించే సైట్లను సెర్చ్ ఇంజన్ ఏరిపారేసింది. ముసలమ్మ సైటు మాయమైంది. దానికి ముడిపెట్టిన గిరాకీల సైట్లూ దాని వెంటే పోయాయి. ఆ ఉదయం ఆయన ఎప్పటిలాగే మెడదాకా బొత్తాలు పెట్టుకొని వచ్చాడు. ఎప్పటిలాగే పిలిచాడు.

“రాండ్రి, సావు కబుర్లు. మా అమ్మ సచ్చింది. అమ్మ ఎంబడి పండ్ల డాక్టర్ సచ్చిండు. వరాఛా మిషిన్లోళ్లు సచ్చిండ్రు. చీరల సేఠ్ కొనూపిరితోని ఉన్నడు, పొద్దుమీకేదాక ఆగడు.”

హిందీలో కూడా చెప్పాడు. పెదవి నొక్కి మా మొహాలు చూశాడు. ఎవరికీ నవ్వు రాలేదు. అప్పుడు వెనక నుంచి నత్తి అతను నవ్వాడు. నత్తి మాటకే గాని నవ్వుకు ఉండదు. ఎక్కడా తట్టుకోకుండా, సాఫీగా, చాలాసేపు నవ్వాడు. ఆయన వింటూ నిలబడ్డాడు.

“లోడింగ్ అయిపోయిందా?” అని అడిగాడు.

“అ... అయింది సర్.”

మధ్యాహ్నానికి గ్రూపులో ఆయన ఫొటో, దండ, శ్రద్ధాంజలి వచ్చాయి. నత్తి అతనే చేశాడు, చాలా శుభ్రంగా చేశాడు. దాని కింద మొదటి నవ్వు బొమ్మ పెట్టింది ఆయనే. ఆ తర్వాత గ్రూపు ఆయనను వదల్లేదు. నెలల తరబడి ఏదో ఒక వంకతో ఆయనకు దండవేశారు. ముసలమ్మ పక్కన ఆయనను కూర్చోబెట్టిన ఫొటోలు చేశారు. ‘మా అమ్మ’ అన్న మాట ఊరంతా సామెత అయింది. గ్రూపులోంచి బయటికి వెళ్లిపోవచ్చు కదా. వెళ్లలేదు. అందరూ తన గురించే మాట్లాడుకునే చోటు వదిలి ఎక్కడికి పోతాడు?

ఆఫీసు మూతపడింది. నేను ఒక హాస్పిటల్‌లో వెబ్‌సైటు పనికి చేరాను. ఆయన భుజాన సంచి తగిలించుకొని దుకాణం దుకాణం తిరిగాడు. జనం ఇప్పుడు వెతకడం లేదు, ఏఐని అడుగుతున్నారు, దానిచేత మీ పేరు చెప్పిస్తానని చెప్పేవాడు. కొందరు వినేవారు, కొందరు “మీ అమ్మ బాగుందా?” అని అడిగి పంపేవారు. బార్డోలీలో ఒక బెల్లం వ్యాపారిని కలిసి వస్తూ బస్సులో పోయాడు. నిద్రపోతున్నాడనుకొని కండక్టర్ లేపలేదు. సూరత్ డిపోలో అందరూ దిగాక భుజం తట్టి చూశాడట.

శ్మశానానికి గ్రూపువాళ్లు బాగానే వచ్చారు. నిజంగా పోయాడా లేదా చూద్దామని వచ్చినవాళ్లే ఎక్కువ. ఒకడు చితి ఫొటో తీసి “కన్ఫర్మ్” అని గ్రూపులో పెట్టాడు. నత్తి అతను రాలేదు.

తిరిగి వస్తూ చిన్నమ్మ గల్లీలో ఆగాను. ఆమె ఇప్పుడు ఇంటి ముందే పొయ్యి పెట్టుకొని సర్వపిండి కాల్చి అమ్ముతోంది. సైటు మాట ఎత్తదు.

“చిన్నమ్మా, మా ఆఫీసు సార్ పోయిండు.”

“ఏ సారు?”

“గా సారే.”

ఆమె చేతిలో పిండిముద్ద ఉంది. దాన్ని అలాగే పట్టుకుంది. “ఎట్ల?”

“గుండె ఆగిందట. బస్సుల.”

“పిల్లలున్నరా?”

“ఒక్క బిడ్డ. సదువుకుంటున్నది.”

“అయ్యో, పిల్ల...” అంది. గిన్నెలో పిండి ఒత్తడం మొదలుపెట్టింది. వేళ్లతో అంచుల దాకా ఒత్తి, బొక్కలు పొడిచి, నూనె చుక్కలు వేసింది. నేను ఇంకా నిలబడే ఉన్నానని చూసి తలెత్తింది.

“ఏంది గట్ల సూస్తున్నవ్? ఏడుస్తననుకున్నవా?”

“లేదు చిన్నమ్మా.”

“అబద్ధమెందుకు బిడ్డా. పగోడు సచ్చినా కండ్లల్ల ఇన్ని నీళ్లు తిరిగేటియి నాకు. గిప్పుడు వస్తలెవ్వు. నా మొగడు సచ్చిన నాటి ఏడుపంత ఎత్కపోయి గా బొమ్మకిచ్చిండు మీ సారు. ఇగ నేను దేంతోని ఏడ్వాలె?”

మిల్లు షిఫ్టు దిగి వచ్చిన ఇద్దరు మనుషులు పొయ్యి ముందు ఆగారు. ఆమె చేతులు చెంగుకు తుడుచుకొని వాళ్ల వైపు తిరిగింది.